ప్రతిద్వంద్వి ఎవరు? — కలకత్తా సాహిత్యంలో పోటీ, ఆత్మజీవనం

దారిద్ర్యం వేరు, పోటీ వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టివేసే అలవాటు సాహిత్యచర్చలో చాలాకాలంగా ఉన్నది. పేదవాడు తన గుప్పెడు అన్నంలో సగం పొరుగువానికి పెట్టగలడు. పెట్టినందువల్ల అతని ఆకలి పెరగవచ్చును గాని మనుష్యత్వం తరగదు. భాగవతంలోని రంతిదేవుని కథ తెలిసిన తెలుగు పాఠకునికి ఈ విషయం విప్పి చెప్పవలసిన పని లేదు. కాని ఒక ఉద్యోగానికి నూరుమంది నిలుచున్న వరుసలో ముందువాడు వెనుకవానికి ఏమి పెట్టగలడు? తన చోటు ఇచ్చివేస్తే తన ఇంట పొయ్యి వెలగదు. ఇవ్వకపోతే వాని ఇంట వెలగదు. పోటీ మనిషిని బీదవానిని చేయుటతో తృప్తిపడదు. దానాన్ని నష్టంగా, దయను చేతకానితనంగా, పొరుగువాని క్షేమాన్ని తన ఓటమిగా కట్టి చూపే ఒక కొత్త లెక్కను అతని మనస్సులో ప్రవేశపెడుతుంది. ఆ లెక్క ప్రవేశించిన తరువాత అతని ఆత్మజీవనం ఏమవుతుంది? అతని ఇంటిలోని బాంధవ్యాలు ఏమవుతాయి?

ఈ ప్రశ్నను భారతీయ భాషలలో ఎక్కువకాలం, ఎక్కువ నిజాయితీతో అడిగిన సాహిత్యం కలకత్తా నగరానిది. దీనికి కారణాలు చరిత్రలోనే ఉన్నవి. ఆంగ్ల వర్తకుల కచేరీలు, బ్యాంకులు, ఎగుమతి సంస్థలు ఈ దేశంలో మొట్టమొదట విస్తరించిన చోట్లలో అది ఒకటి. బ్రిటిషు ఇండియాకు రాజధానిగా 1911 వరకు అది వెలిగింది. పల్లెలో పొలమో, కులవృత్తియో మనిషికి అతని స్థానాన్ని నిర్ణయించిన కాలంలోనే, ఈ నగరంలో గుమాస్తా అనే కొత్త మనిషి పుట్టినాడు. అతని బ్రతుకును వంగభాష ‘చాక్రీ’ అనే ఒక్కమాటలో ఇమిడ్చినది. గడియారం, పై అధికారి, దరఖాస్తు, పరీక్ష, బర్తరపు — ఇవన్నీ ఆ మాటలో ఉన్నవి. ఈ నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినది గాని, ఇక్కడ ప్రస్తావించే రచనలన్నీ కలకత్తా అన్న పేరుతోనే దానిని ఎరిగినవి కాబట్టి ఆ పేరే ఈ వ్యాసంలో వాడబడుతున్నది.

కల్పనా సాహిత్యానికి పూర్వం రెండు నిజజీవిత ఘట్టాలను స్మరించటం అవసరం. మొదటిది జొడాసాంకోలోని ఠాకూరు కుటుంబానిది. ద్వారకానాథ ఠాకూరు ఆంగ్ల వర్తకులతో సమస్కంధుడుగా నిలిచి కార్ ఠాకూర్ కంపెనీని నడిపినవాడు. యూనియన్ బ్యాంకు స్థాపనలో ముఖ్యుడు. అతని కుమారుడు దేవేంద్రనాథునికి యౌవనంలో ఒకనాడు గాలికి కొట్టుకొనివచ్చిన సంస్కృత గ్రంథపు చినిగిన పుట ఒకటి దొరికినది. అందలి భావం అతనికి తెలియలేదు. రామచంద్ర విద్యావాగీశుడు దానిని ఈశోపనిషత్తుగా గుర్తించి, త్యాగంతోనే అనుభవించవలెననీ, పరుల ధనాన్ని ఆశించరాదనీ ఆ మంత్రార్థాన్ని వివరించినాడు. ద్వారకానాథుడు 1846లో లండనులో మరణించినాడు. 1848 నాటికి యూనియన్ బ్యాంకు, కార్ ఠాకూర్ కంపెనీ రెండూ కూలిపోయినవి. తండ్రి ముందుచూపుతో ట్రస్టు క్రింద ఉంచిన ఆస్తి ఋణదాతలకు చిక్కేది కాదు. అయినప్పటికీ దేవేంద్రనాథుడు ఆ చట్టపు చాటున దాగక ఋణమంతా తీర్చటానికి పూనుకొని, అనేక సంవత్సరాలు శ్రమించి తీర్చినాడు.

ఈ కథను కేవలం మహర్షి మహిమగా చెప్పి వదలటం విమర్శకు తగదు. ఆ ఋణం తీరుటకు జమీందారీ శిస్తు ఆధారంగా నిలిచినది. ఆ శిస్తు కట్టినవాడు రైతు. త్యాగానికి కూడ ఒక ఆర్థికపు పునాది ఉన్నదనే చేదు నిజం ఇందులో దాగి ఉన్నది. అయినా ఒక్క సంగతి మిగులుతుంది. వ్యాపారపు పోటీలో ఓడినవాడు ఎదుట నిలిచిన ఋణదాతను శత్రువుగా గాక, తాను మాట ఇచ్చిన మనిషిగా చూడగలిగినాడు. ఈ వ్యాసంలో ఆత్మజీవనమనే మాటకు ఈ అర్థమే ఉద్దేశింపబడినది: లాభనష్టాలు అడ్డుపడినప్పుడు కూడ ఎదుటి మనిషి ముఖం కనబడటం.

రెండవది నరేంద్రనాథ దత్తుని ఘట్టం. తరువాత వివేకానందుడుగా లోకప్రసిద్ధుడైన ఈ యువకుని తండ్రి విశ్వనాథ దత్తు, హైకోర్టు అటార్నీ, 1884లో ఆకస్మికంగా మరణించినాడు. ఇంటినిండా అప్పులు, దాయాదుల వ్యాజ్యం, తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్ల పోషణభారం. పట్టభద్రుడైన నరేంద్రుడు దరఖాస్తు చేతబట్టుకొని, ఎండలో, చెప్పులైనా లేకుండా కచేరీలవెంట తిరిగినాడు. సుఖకాలంలో ఇంటికి వచ్చిపోయిన స్నేహితులే ముఖం చాటువేసినారని అతడే తరువాత చెప్పుకొన్నాడు. తన కుటుంబం కొరకు కాళికాదేవిని ప్రార్థింపుమని రామకృష్ణుడు అతనిని గుడిలోకి పంపిన సంగతి ప్రసిద్ధమే. మూడుసార్లు వెళ్లినాడు, మూడుసార్లూ అన్నవస్త్రాలకు బదులు వివేకవైరాగ్యాలనే అడిగి తిరిగివచ్చినాడు.

ఈ వృత్తాంతాన్ని భక్తులు ఒకరీతిగా, చరిత్రకారులు మరొకరీతిగా చదివినారు. రామకృష్ణుని చుట్టూ చేరినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు ఎక్కువగా ఉండుటను సుమిత్ సర్కార్ 1992లో ప్రకటించిన సుదీర్ఘవ్యాసంలో పరిశీలించి, చాక్రీ వలని అవమానానికీ ఆ భక్తికీ గల సంబంధాన్ని చూపినారు. ‘కథామృతం’ను గ్రంథస్థం చేసిన మహేంద్రనాథ గుప్తుడే ఒక బడిపంతులు. ఆదివారాలు, సెలవుదినాలు దక్షిణేశ్వరానికి జనం పోటెత్తటం ఆ గ్రంథంలో పదేపదే కనబడుతుంది. కచేరీకి సెలవు ఉన్ననాడే ఆత్మకు తీరిక. సాహిత్యదృష్టితో గమనింపదగిన విషయం ఏమనగా, ఆనాటి గుమాస్తాకు పోటీకి వెలుపల ఒక స్థలం ఉండేది. గంగ ఒడ్డున ఒక తోట. అందులో ఒక మనిషి. అతని ముందు పై ఉద్యోగీ, క్రింది ఉద్యోగీ ఒకే చాపమీద కూర్చునేవారు. సోమవారం ఉదయం తిరిగి గడియారానికి లొంగిపోయినా, అటువంటి చోటు ఒకటి ఉన్నదని అతనికి తెలుసు.

అటువంటి చోటు కూడ లేకుండాపోయే దినం వస్తుందని ముందుగా చూచినవాడు రవీంద్రుడు. ‘రక్తకరబి’ నాటకం 1924లో ‘ప్రవాసి’ పత్రికలో వెలువడినది. 1926లో గ్రంథరూపం పొందినది. దానిలోని యక్షపురి బంగారు గనుల పట్టణం. అక్కడి రాజు వలవంటి తెరవెనుక ఉంటాడు. పనివారికి పేర్లు లేవు, అంకెలున్నవి. పల్లెలో ఫాగులాల్ అనీ, బిశు అనీ పిలిపించుకొన్నవారు ఇక్కడ లెక్కల పుస్తకంలోని గుర్తులైనారు. ఎంత త్రవ్వినా ఇంకా త్రవ్వవలసి ఉండటం, సెలవుదినం వచ్చినప్పుడు దానిని ఎట్లు గడపవలెనో తోచకపోవటం, ఆ శూన్యాన్ని మద్యంతో నింపుకోవటం — శ్రమజీవి అంతరంగాన్ని రవీంద్రుడు ఇంత సూటిగా మరెక్కడా చూపలేదు.

కాని ఈ నాటకంలో అన్నిటికంటె భయంకరమైన పాత్ర రాజు కాడు, సర్దారు కాడు, గోసాయి. అతడు నామజపం చేస్తూ వస్తాడు. పనివారికి శాంతిని, సంతృప్తిని ఉపదేశిస్తాడు. సర్దారుల అవసరానికి తగిన పాళ్లలో ఆ శాంతి పంచబడుతుంది. ఆ ఊరిలో ఆయుధశాల, మద్యపు కొట్టు, దేవాలయం ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి. దక్షిణేశ్వరపు తోట కచేరీకి వెలుపల ఉండేది. యక్షపురిలోని గుడి గని ప్రాకారంలోపల ఉన్నది. ఆత్మజీవనానికి పోటీవలన కలిగే మహాప్రమాదం నాస్తికత కాదని రవీంద్రుడు గ్రహించినాడు. పూజలు నిలిచిపోవు, ఇంకా ఎక్కువ కావచ్చును. కాని ఆ పూజ అలసిన చేతిని మరునాడు మరల గనికి పంపటానికి ఉపకరించే ఔషధమవుతుంది. ఎక్కువ పని చేయటానికి ధ్యానమూ, పోటీలో నెగ్గటానికి మొక్కూ అలవాటైన ఈనాటి పాఠకునికి గోసాయి చాలా దగ్గరివాడుగా తోచక మానడు.

నాటకంగా ‘రక్తకరబి’కి లోపాలున్నవి. నందిని కొన్నిచోట్ల యువతిగా గాక భావనగా మాత్రమే సంచరిస్తుంది. రంజనుడు రంగంమీదికి శవంగానే వస్తాడు. ఈ నాటకం ప్రదర్శనకు లొంగదని చాలాకాలం తలచినవారికి 1954లో శంభుమిత్ర నేతృత్వంలో ‘బహురూపి’ బృందం సమాధానం చెప్పినది. తృప్తిమిత్ర నందినిగా నటించినారు. ఆనాటి ప్రేక్షకులకు యక్షపురి దూరదేశపు ఊహగా తోచియుండదు. 1943 కరవునూ, 1947 విభజననూ చూచిన నగరం అది. తూర్పు వంగం నుండి వచ్చిన శరణార్థి కుటుంబాలు సియాల్దా ప్లాట్‌ఫారాలమీద సంసారాలు నడిపిన నగరం. చదువుకున్న వాడలవారు, పొలమున్నవారు, ఉపాధ్యాయులు అందరూ ఒకేసారి ఒకే ఉద్యోగపు గుమ్మంముందు వచ్చి నిలబడినారు.

ఆ గుమ్మాన్ని గురించి వ్రాసినవారిలో నరేంద్రనాథ మిత్ర ముఖ్యులు. మధ్యతరగతి ఇంటిలోని చిన్నకదలికలు ఆయన ప్రత్యేకవిషయం. ఆయన కథ ‘అవతరణిక’ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1963లో ‘మహానగర్’ చిత్రాన్ని నిర్మించినారు. సాహిత్యపత్రికలో చలనచిత్రాలను చర్చించటం కొందరికి నచ్చకపోవచ్చును. కాని వంగసాహిత్యంలోని కథలను, నవలలను రాయ్ తెరమీదికి తెచ్చిన తీరు ఆ రచనలకు ఒక ఉత్తమ వ్యాఖ్యానం. కాగితం చెప్పనిచోట తెర చెప్పినది, కొన్నిచోట్ల కాగితంతో తెర విభేదించినది.

‘మహానగర్’లోని సుబ్రత బ్యాంకు ఉద్యోగి. అతని జీతం చాలక భార్య ఆరతి ఇంటింటికి అల్లికయంత్రాలు అమ్మే పనిలో చేరుతుంది. మామగారు ప్రియగోపాల్ విశ్రాంత ఉపాధ్యాయుడు. కోడలి సంపాదన ముట్టనని పట్టుబట్టి, ఒకనాడు తన వద్ద చదువుకొని వృద్ధిలోకి వచ్చిన శిష్యుల గుమ్మాలు ఎక్కి, కళ్లజోడు మొదలుకొని ఒక్కొక్కటిగా యాచిస్తాడు. పత్రికలలోని గళ్లనుడికట్టు పోటీలు పూరించి బహుమతికోసం ఎదురుచూస్తాడు. గురుశిష్యసంబంధం ఒక బాకీగా మారిన ఈ దృశ్యం ఆ చిత్రంలో అన్నిటికంటె బాధాకరమైనది. శిష్యులు దుర్మార్గులు కారు. వారు గురువును గౌరవంగానే కూర్చోబెడతారు. కాని జీవితపు పందెంలో తాను వెనుకబడినాననీ, తన చేతులమీదుగా దాటిపోయినవారు ముందున్నారనీ ఆ వృద్ధుని గుండెలో రగిలే మంట, విద్యాదానపు తృప్తిని కాల్చివేసినది. అతడు కోల్పోయినది కంటిచూపు మాత్రమే కాదు.

ఇక ఆరతి. బ్యాంకు మూతపడి భర్త ఉద్యోగం ఊడిపోయినది. ఇంటికి ఆమె జీతమే దిక్కు. ఆమె యజమాని ముఖర్జీకీ సుబ్రతకూ స్వస్థలం ఒక్కటే, పాబ్నా జిల్లా. ఆ స్వస్థలాభిమానంతో సుబ్రతకు కూడ ఏదైనా చూపెదనని యజమాని ఆశపెడతాడు. అదే సమయంలో ఎడిత్ అనే ఆంగ్లో-ఇండియన్ సహోద్యోగినిపై అన్యాయంగా నింద మోపి పనినుండి తొలగిస్తాడు. ఎడిత్ ఆరతికి బంధువు కాదు, స్వమతస్థురాలు కాదు, స్వభాషి కాదు. పోటీ నీతి ప్రకారం ఆమె నిష్క్రమణ ఆరతికి లాభమే. ఆరతి యజమానిని క్షమాపణ చెప్పుమని అడిగి, అతడు నిరాకరించగా, రాజీనామా కాగితం అతని బల్లమీద ఉంచి మెట్లు దిగివస్తుంది. ఇంటిలో ఇప్పుడు ఇద్దరూ నిరుద్యోగులు.

ఈ ఘట్టంలో దేవుని పేరు ఎక్కడా వినబడదు. అయినప్పటికీ కలకత్తా సృష్టించిన ఆధునిక కళలో ఇంతకు మించిన ఆధ్యాత్మిక ఘట్టం అరుదు. దేవేంద్రనాథునికి జమీందారీ ఉన్నది, నరేంద్రునికి గురువున్నాడు, ఆరతికి ఆ నెల జీతం తప్ప ఏమీ లేదు. ఆ ఒక్కటీ విడిచివేసి ఆమె ఎడిత్ ముఖాన్ని దక్కించుకొన్నది. భర్త మొదట నివ్వెరపోయి, పిదప ఆమె చేసిన పని తాను చేయలేకపోయేవాడినని గ్రహిస్తాడు. అంతవరకు జీతంవల్ల అసూయతో ఎడబాసిన దంపతులు, జీతం పోయిన క్షణాన తిరిగి దగ్గరవుతారు. ఈ సమాప్తి మరీ ఆశావహంగా ఉన్నదనే ఆక్షేపణ లేకపోలేదు. రేపటి అన్నం సంగతి చిత్రం చెప్పదు. కాని చెప్పదలచిన సంగతి అది కానే కాదు.

1963 నాటి ఈ ఆశ ఏడెనిమిది సంవత్సరాలలో అడుగంటిపోయినది. 1960ల మధ్యనుండి రైల్వే వ్యాగన్ల కొనుగోళ్లు తగ్గి హౌరా పరిసరాల ఇంజనీరింగు పరిశ్రమ దెబ్బతిన్నది. 1967లో నక్సల్బరి ఉద్యమం లేచినది. నగరపు గోడలు నినాదాలతో నిండినవి. ఈ కాలాన్ని సునీల్ గంగోపాధ్యాయ ‘ప్రతిద్వంద్వి’ నవలలో, శంకర్ ‘సీమాబద్ధ’, ‘జన అరణ్య’ నవలలలో చిత్రించినారు. ఈ మూడింటినీ రాయ్ వరుసగా 1970, 1971, 1976 సంవత్సరాలలో తెరకెక్కించినారు. గంగోపాధ్యాయ 2008నుండి 2012లో మరణించేవరకు కేంద్ర సాహిత్య అకాడమీకి అధ్యక్షులుగా ఉన్నారు.

‘ప్రతిద్వంద్వి’లోని సిద్ధార్థుడు తండ్రి మరణంతో వైద్యవిద్య మధ్యలో ఆపి ఉద్యోగం వెదుకుతున్న యువకుడు. అతనికి ఆ పేరు ఉండుటలోని వ్యంగ్యం చదువరికి స్ఫురింపక మానదు. దుఃఖాన్ని చూచి రాజ్యం విడిచినవాని పేరుతో ఈతడు గుమాస్తా కొలువుకొరకు తిరుగుతాడు. చెల్లెలు సుతప ఉద్యోగంలో పైకి వస్తున్నది. ఆమెను, ఆమె పై అధికారిని గురించి మాటలు పుడుతున్నవి. తమ్ముడు విప్లవమార్గం పట్టినాడు. అన్నగా చెల్లెలిని మందలింప బోయిన సిద్ధార్థుడు, ఆ ఇంటికి అన్నం పెట్టుచున్నది ఆమె జీతమేనని జ్ఞాపకం వచ్చి మాట మింగుతాడు. వాత్సల్యానికీ అధికారానికీ కూడ ఆదాయపత్రం కావలసివచ్చినది. చివరి ఇంటర్వ్యూనాడు ఉడికిపోతున్న వసారాలో, చాలినన్ని కుర్చీలైనా లేక గంటలతరబడి నిలుచున్న అభ్యర్థులలో ఒకడు సొమ్మసిల్లిపడిపోతాడు. వారందరూ అస్థిపంజరాలుగా సిద్ధార్థుని కళ్లకు కనబడతారు. అతడు లోపలికి దూసుకొనిపోయి బల్లను తలక్రిందులు చేస్తాడు.

ప్రతిద్వంద్వి ఎవరు? నవల పేరు అడిగే ప్రశ్న ఇదే. వసారాలో ప్రక్కన నిలిచినవాడా? లోపల కూర్చుని ప్రశ్నలు వేసేవాడా? సిద్ధార్థుని తిరుగుబాటు విఫలమైనా, అతడు ఒక ముఖ్యమైన గుర్తింపును పొందినాడు: ప్రక్కవాడు తనకు ప్రత్యర్థి కాడు. సొమ్మసిల్లినవానిని చూచి ఒక అభ్యర్థి తగ్గినాడని సంతోషించటమే పోటీ ధర్మం. సిద్ధార్థుడు ఆ ధర్మాన్ని ఉల్లంఘించినాడు. అందుకు మూల్యంగా బాలూర్‌ఘాట్‌లో మందుల కంపెనీ అమ్మకపు పని దొరికి, నగరాన్ని విడిచిపోయినాడు.

‘సీమాబద్ధ’ గెలిచినవాని కథ. పాట్నాలో ఉపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించిన శ్యామలేందు పంకాల కంపెనీలో అమ్మకాల అధికారి. ఎగుమతికి సిద్ధమైన సరుకులో లోపం బయటపడుతుంది. గడువు తప్పితే పదోన్నతి తప్పుతుంది. కార్మికాధికారితో కలిసి కర్మాగారంలో కృత్రిమంగా అలజడి రేపుతాడు. బాంబు ప్రేలి ఒక కాపలాదారు గాయపడతాడు. శ్యామలేందు డైరెక్టరవుతాడు. ఇంటికి వస్తే లిఫ్టు చెడిపోయి ఉన్నది. మెట్లన్నీ తానే ఎక్కవలసివచ్చినది. తనపై గౌరవంతో పాట్నానుండి వచ్చిన మరదలు టుటుల్, అతడు పెట్టుకోవటానికి ఇచ్చిన గడియారాన్ని విప్పి మౌనంగా అతని ముందు ఉంచుతుంది. గెలుపు చూడటానికి ఇక ఎవ్వరూ మిగలలేదు.

‘జన అరణ్య’లో ఈ త్రోవ అంతానికి చేరినది. సోమనాథుడు మంచి విద్యార్థి. ఉద్యోగం దొరకక, ఏ సరుకైనా కొని అమ్మే మధ్యవర్తిగా మారతాడు. ఒక పెద్ద ఒప్పందం కుదరటానికి కొనుగోలుదారుకు ఒక స్త్రీని సమకూర్చవలసివస్తుంది. ఎన్నో గుమ్మాలు తిరిగిన తరువాత తన ముందు నిలిచిన యువతి తన ప్రాణస్నేహితుని చెల్లెలు. అతడు డబ్బు ఇచ్చి వెళ్లిపొమ్మంటాడు. ఆమె నిరాకరిస్తుంది, పని చేయకుండా డబ్బు తీసుకోనంటుంది. ఒప్పందం కుదురుతుంది. కొడుకు భవిష్యత్తును గూర్చి దిగులుపడి కూర్చున్న తండ్రి ఆ శుభవార్త విని తేలికపడతాడు. వదిన కమలకు మాత్రం ఏదో తప్పిపోయినదని తెలుస్తుంది.

ఈ సమాప్తి చదువరిని కలచివేస్తుంది గాని, ఇక్కడ ఒక లోపాన్ని చెప్పక తప్పదు. స్నేహితుని చెల్లెలి పతనం సోమనాథుని అంతరాత్మకు తగిలిన దెబ్బగానే ప్రధానంగా చిత్రింపబడినది. ఆమె అంతరాత్మ సంగతి ఏమి? నిరాకరించిన ఆ క్షణంలో ఆమె మాట సోమనాథుని పశ్చాత్తాపం కంటె బలమైనది. ఆ మాటకు వెనుకనున్న జీవితాన్ని కథ తెరచిచూపదు. పురుషుని మనస్సాక్షికి స్త్రీ శరీరాన్ని దర్పణం చేయటం ఈ తరహా సాహిత్యంలో తరచుగా కనబడే బలహీనత. ఈ విషయంలో ‘మహానగర్’ మూడింటికంటె ఉన్నతంగా నిలుస్తున్నది. అక్కడ నిర్ణయం స్త్రీది, నష్టం స్త్రీది, గెలుపూ స్త్రీదే.

మరొక ఆక్షేపణకు కూడ ఇక్కడ సమాధానం చెప్పవలసి ఉన్నది. పోటీ మనుష్యసంబంధాలను చెరుపుతుందనగానే పాత ఉమ్మడికుటుంబంలో అన్నీ బాగుండెననే ధ్వని వినబడుతుంది. అది సత్యం కాదు. ఆ కుటుంబంలో ఎవరి స్థానం వారికి ముందే నిర్ణయమై ఉన్నందువల్ల పోటీ తక్కువగా కనబడినది. కోడలికి, వితంతువుకు, తక్కువ కులమని త్రోసివేయబడినవానికి ఆ స్థానం సంకెల. ఆరతిని నాలుగు గోడలనుండి వీధిలోకి తెచ్చి, తన శక్తి తనకు తెలియజేసినది ఉద్యోగపు సంతయే. పోటీపరీక్ష పుట్టుకను అడగదు. అందువలన ఎందరికో తలుపులు తెరచుకొన్నవి. కాబట్టి ఈ రచనల సారాంశం వెనుకకు పొమ్మని కాదు. తలుపు తెరచినచేయి, లోపలికి వచ్చినవారిని ఒకరి భుజంపై మరొకరు కాలుపెట్టుమని ఆజ్ఞాపిస్తున్నది. ఆరతి తలుపు దాటినది గాని ఆ ఆజ్ఞను పాటింపలేదు. ఈ రెండు పనులూ ఒక్క మనిషి చేయగలుగుట సాధ్యమని చూపటమే ఆ కథకు సార్థకత.

తెలుగువారికి ఈ నగరం పరాయిది కాదు. గంజాం, విశాఖపట్నం ప్రాంతాలనుండి తరలివెళ్లిన శ్రామికులు హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పనిచేసినారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా తెలుగు వినబడుతున్నది. 2020 డిసెంబరులో పశ్చిమవంగ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషాస్థాయి కల్పించటానికి అంగీకరించినది కూడ వారిని ఉద్దేశించియే. అయితే సాహిత్యం ద్వారా తెలుగు పాఠకుడు ఎరిగిన కలకత్తా ఎక్కువగా శరత్‌చంద్రునిది. ప్రేమ, త్యాగం, కన్నీరు నిండిన ఇళ్లది. ‘దేవదాసు’ను తనవానిగా చేసుకొన్నంత ఆత్మీయంగా సిద్ధార్థునీ, సోమనాథునీ తెలుగు హృదయం స్వీకరించలేదు.

తెలుగు సాహిత్యానికి ఈ విషయంలో స్వంతబలం లేకపోలేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్య భయం, కచేరీలో పుట్టి ఇంటిలోకి, పడకగదిలోకి ప్రాకివచ్చిన భయం. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1964లో వెలువడినది. అప్పుల లెక్క ధర్మమండపంలో తీర్పుగా మారగా, తన బిడ్డ బానిస కారాదని తండ్రే ఆ బిడ్డను చంపిన కథ అది. ధర్మమనే మాటను ఋణపత్రం ఎట్లు మ్రింగివేయగలదో చూపటంలో ‘యజ్ఞం’ ‘రక్తకరబి’కి తక్కువైనది కాదు. కాని ఆ కథలలోని శత్రువు పైన ఉన్నాడు: అధికారి, కాంట్రాక్టరు, ఋణదాత. ప్రక్కనే నిలిచిన సమానుని శత్రువుగా చేసే పోటీ వేరు. ఆ పోటీ నేడు తెలుగు ఇంటిని ఆక్రమించినది.

విజయవాడలోనో, హైదరాబాదులోనో ఇంటర్మీడియట్ వసతికళాశాల గోడను చూడవచ్చును. అక్కడ పిల్లల ఛాయాచిత్రాలకంటె పెద్ద అక్షరాలలో వారి ర్యాంకులు ఉంటాయి. యక్షపురిలో పనివారికి అంకెలు వేసినది సర్దారు. ఇక్కడ తల్లిదండ్రులు అప్పుచేసి ఆ అంకెను కొనబోతున్నారు. పరీక్షకు ముందు గుడిలో కలముల పూజ జరుగుతున్నది. గోసాయి ఎక్కడికీ పోలేదు. ఒకే గదిలో పడుకొనే ఇద్దరు బాలురలో ఒకనికి అర్థమైన లెక్కను రెండవవానికి చెప్పవచ్చునా, చెప్పరాదా అనే సందేహం కలిగిన రాత్రి — ఆ రాత్రిలో ఒక నవలకు తగిన ఆధ్యాత్మిక సంకటం ఉన్నది. ఫలితాలు వెలువడిననాడు కుమిలిపోయిన ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నవి. వాటిని గురించి జాలితో వ్రాసిన కథలు ఉన్నవి. ఓడినవానిపై జాలి పడటం సులభం. గెలిచినవాని గదిలోకి వెళ్లి, అతడు ఎవరిని చూడటం మానివేసినాడో చెప్పటం కష్టం. శంకర్ ‘సీమాబద్ధ’లో పూనుకొన్న పని అది.

రచయితకు ఈ పని మరింత కష్టం, ఎందుకనగా పోటీ అతని బల్లవద్దకు కూడ వచ్చినది. బహుమతుల జాబితాలు, అమ్మకాల లెక్కలు, సాటి రచయిత పుస్తకానికి దక్కిన సమీక్షలు అతనికి కూడ గుండెలో గుచ్చుకొంటాయి. మరొకని మంచికథ చదివి ముందు సంతోషం కలుగుతున్నదా, ముందు బాధ కలుగుతున్నదా అన్నది ప్రతి రచయితకూ తెలిసిన రహస్యమే. ఆ బాధను దాచుకొని నీతికథ వ్రాసినవాడు గోసాయి అవుతాడు. ఆ బాధనే పరిశీలించి, దానిగుండా సాటి మనిషిని చూడటానికి ప్రయత్నించినవాడు, వసారాలో సొమ్మసిల్లినవానివద్ద సిద్ధార్థుడు నిలిచినచోట నిలుస్తాడు. తెలుగులో రావలసిన నవల అక్కడినుండి ఆరంభం కావలసి ఉన్నది.